హాండెల్ మహాశయుని జీవితము – ఆయన అచ్చు పుస్తకముల కథ

క్రిస్మస్ దినములలో మన పట్టణ సంఘముల గాయక బృందములు హల్లెలూయ కోరసు పాడగా మనలో అనేకులము వినియున్నాము. ఆ పాట ఎత్తగానే సంఘమంతయు లేచి నిలుచుట కొన్ని చోట్ల ఆచారముగా నున్నది. దానిని కూర్చినవాడు జార్జి ఫ్రెడరిక్ హాండెల్ అని కొందరెరుగుదురు. అయితే ఆయన ఫిడేళ్ల కొరకు వ్రాసిన సొనాటాలు, కన్సర్టోలు అను రచనలు ఎట్లు అచ్చుపడెనో, వాటిని ఎవరు అచ్చువేసిరో, అందులో ఏవి ఆయనవో ఏవి కావో మనవారికి అంతగా తెలియదు. ఆయన పేరు పెట్టి అమ్మిన పుస్తకములలో కొన్ని ఆయన అనుమతితో వెలువడినవి. కొన్ని ఆయనకు లాభము లేకుండ వెలువడినవి. కొన్నిటిలో ఆయన వ్రాయని రచనలు సయితము చేరినవి.

ఈ శతవార్షిక సంచికలో ఆయన జీవితమును ఆ అచ్చు పుస్తకముల వైపు నుండి చెప్పదలచితిమి. ఒకని చేతిపని మీద వాని పేరు సరిగా నిలుచుట ఎంత కష్టమో, ఎంత అవసరమో ఈ జీవితము చక్కగా చూపుచున్నది.

హాలె పట్టణము

హాండెల్ 1685వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన జర్మనీ దేశములోని హాలె పట్టణమున జన్మించెను. తండ్రి గేయోర్గ్ క్షురక వృత్తితో పాటు శస్త్రచికిత్స చేయు వైద్యుడు. కుమారుడు పుట్టునాటికి ఆయనకు 63 ఏండ్లు. తల్లి డోరొతేయా లూథరన్ పాదిరి కుమార్తె. బిడ్డకు మరునాడే ఆ ఊరి బజారు దేవాలయమున బాప్తిస్మమిచ్చిరి.

కుమారుని న్యాయవాదిని చేయవలెనని తండ్రి కోరిక. అందుచేత ఇంట సంగీతమునకు చోటు లేకపోయెననియు, పిల్లవాడు అటక మీద ఒక చిన్న మీటల వాద్యమును దాచుకొని రాత్రులందు వాయించెడివాడనియు ఒక కథ చెప్పుదురు. తండ్రితో కూడ వైసెన్‌ఫెల్స్ ప్రభువు నగరికి వెళ్లినప్పుడు అతడు ఆర్గను వాయించగా ప్రభువు విని, ఈ బిడ్డకు సంగీతము నేర్పించుమని తండ్రికి బుద్ధి చెప్పెనట. తరువాత ఆ బజారు దేవాలయపు ఆర్గను వాద్యకుడైన త్సహావ్ అతనికి గురువాయెను. 1697లో తండ్రి చనిపోయెను. 1702లో హాండెల్ హాలె విశ్వవిద్యాలయమున చేరెను; ఆ సంవత్సరమే అచ్చటి పెద్ద దేవాలయమున ఒక ఏడాది ఆర్గను ఉద్యోగము పొందెను.

హాలె అను పేరు తెలుగు క్రైస్తవులకు పరాయిది కాదు. మేము ఆ పేరు మొదట వినినది సంఘ చరిత్రలో ఫ్రాంకేగారి అనాథాశ్రమము సంగతి చదువునపుడు. ఫ్రాంకే ఆ అనాథాశ్రమమును, పాఠశాలలను స్థాపించినది హాండెల్ అక్కడ పిల్లవాడుగా నున్న దినములలోనే. మద్రాసులో పనిచేసి తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ స్వదేశము చేరి, 1746, 1747 సంవత్సరములలో తెలుగు అక్షరములతో చిన్న క్రైస్తవ పుస్తకములు అచ్చు వేయించినది ఈ హాలెలోనే. మన భాషలో అచ్చుపడిన తొలి పుస్తకములుగా వాటిని చెప్పుదురు. 1742లో పెన్సిల్వేనియాకు వెళ్లి అచ్చటి లూథరన్ సంఘములను కూర్చిన ముహ్లెన్‌బర్గ్ హాలె నుండి పంపబడినవాడే. ఆ పెన్సిల్వేనియా సంఘములు పంపగా సరిగా నూరేండ్లకు, అనగా 1842లో, గుంటూరు చేరి, 1849లో మన గురజాలకు వచ్చి పల్నాటిలో పని ఆరంభించినవారు ఫాదర్ హయ్యర్‌గారు. హాండెల్ పుట్టిన ఊరికిని మన ఊళ్లకును ఇట్లు ఒక త్రోవ గలదు.

ఇటలీ దేశమున నేర్చిన పాఠము

1703లో హాండెల్ హాలె విడిచి హాంబర్గు నాటకశాలలో చేరెను. అక్కడ అతని మొదటి పని రెండవ వరుస ఫిడేలు వాయించుట. 1704లో మిత్రుడైన మాథెసన్‌తో కలహించి కత్తియుద్ధమునకు దిగగా, మాథెసన్ కత్తి హాండెల్ అంగీ బొత్తామునకు తగిలి విరిగెననియు, అందువలన అతని ప్రాణము దక్కెననియు చెప్పుదురు. 1706లో ఇటలీకి వెళ్లి నాలుగు సంవత్సరములు గడపెను. 1708 ఈస్టరు పండుగకు రోము నగరమున ఆయన కూర్చిన పునరుత్థాన గానమును వాయించినప్పుడు వాద్యబృందమునకు నాయకుడు ఆర్కాంజెలో కొరెల్లి.

ఈ కొరెల్లి ఆనాటి ఫిడేలు విద్వాంసులలో అగ్రగణ్యుడు. ఆయన వ్రాసినది తక్కువ. వ్రాసినదానిని పలుమార్లు దిద్ది, పన్నెండేసి రచనలను ఒక పుస్తకముగా కూర్చి అచ్చునకిచ్చెడివాడు. 1681, 1685, 1689, 1694 సంవత్సరములలో నాలుగు పుస్తకములు, 1700లో అయిదవది వెలువడెను. ఆరవది ఆయన 1713లో చనిపోయిన తరువాత 1714లో ఆంస్టర్‌డాంలో ఎస్తియెన్ రొజే అను ప్రచురణకర్త అచ్చువేసెను. ఈ ఆరు పుస్తకములు యూరపు అంతట మరల మరల అచ్చుపడి, ఫిడేలు పట్టిన ప్రతివాని చేతికి వచ్చినవి.

ఈ రచనల రకములను గూర్చి రెండు మాటలు చెప్పవలెను. ఒక ఫిడేలు, దానికి క్రింది స్వరముల తోడు ఉన్నయెడల అది సొలో సొనాటా. రెండు ఫిడేళ్లు, వాటికి తోడుగా క్రింది స్వరము ఉన్నయెడల అది ట్రయో సొనాటా. ఇవి ఇంటిలో కూర్చుండి వాయించుకొనునవి. ఇక కన్సర్టో గ్రాసో అనునది పెద్ద బృందమునకు చెందినది. మన కీర్తనలలో ఇద్దరు ముగ్గురు చరణమెత్తగా సంఘమంతయు పల్లవి అందుకొనునట్లు, ఇందులో ముగ్గురి చిన్న గుంపు ఒక మాట అనగా పెద్ద గుంపు దానికి బదులిచ్చును.

వాటి అచ్చు విధానము కూడ తెలిసికొనదగినది. ఇటలీలో మొదట విడి సీసపు అక్షరములతో స్వరములను పేర్చెడివారు. వేగముగా నడచు స్వరములను ఒకదానితో నొకటి కలిపి చూపుట ఆ పద్ధతిలో సాధ్యము కాదు. గీతలు ముక్కలుగా కనబడును. ఆంస్టర్‌డాంలో రాగి రేకుల మీద చెక్కి అచ్చువేయుటచే పుట శుభ్రముగా నుండెడిది. లండనులో ఇంకను చౌకయైన మార్గము వచ్చెను. తగరముతో చేసిన మెత్తని పలకల మీద స్వరపు గుర్తులుగల ఉక్కు ముద్రలను సుత్తితో కొట్టి, గీతలు చెక్కి, సిరా పూసి తీసెడివారు. పలకలు దాచుకొని, కావలసినప్పుడెల్ల మరికొన్ని ప్రతులు తీయవచ్చును. అన్ని వాద్యముల వరుసలు ఒకే పుటలో కనబడు పుస్తకము సాధారణముగా ఉండెడిది కాదు. ఒక్కొక్క వాద్యమునకు ఒక్కొక్క పుస్తకము. అందరు కూడి వాయించినప్పుడే పాట పూర్తిగా వినబడును. తప్పు ఉన్నచో అదియు అప్పుడే బయటపడును.

లండనులోని అచ్చుపనివాడు

1710లో హాండెల్ లండను చేరెను. 1711 ఫిబ్రవరి 24న ఆయన నాటకము రినాల్డో ప్రదర్శింపబడి ఎంతో పేరు పొందెను. ఆ నాటకపు పాటలను వెంటనే అచ్చువేసినవాడు జాన్ వాల్ష్. ఈయన లండనులోని సంగీత ప్రచురణకర్తలలో మిక్కిలి చురుకైనవాడు. ఆ పుస్తకముపై వాల్ష్ పెద్ద లాభము పొందెననియు, రాబోవు నాటకమును నీవు వ్రాయుము, నేను అమ్మెదనని హాండెల్ నవ్వుచు పలికెననియు ఒక వాడుక గలదు. నవ్వు మాటయైనను అందులోని బాధ నిజమైనదే.

ఆ దినములలో సంగీతజ్ఞునికి చట్టము అండగా నిలువలేదు. గ్రంథకర్తల హక్కును కాపాడు చట్టము 1710లో ఇంగ్లండులో అమలునకు వచ్చెను. అయితే అది సంగీత పుస్తకములకును వర్తించునని న్యాయస్థానము తీర్పు చెప్పినది 1777లో మాత్రమే. అప్పటికి హాండెల్ చనిపోయి పదునెనిమిది ఏండ్లు. అందుచేత ఆయన 1720లో రాజు నొద్దకు వెళ్లి, తన రచనలను పదునాలుగేండ్లవరకు ఇతరులు అచ్చువేయకూడదను రాజ శాసనమును సంపాదించెను. ఆ సంవత్సరమే హార్ప్సికార్డు అను మీటల వాద్యము కొరకు వ్రాసిన రచనలను వాల్ష్ చేత గాక క్లూయర్ అను మరియొకని చేత అచ్చువేయించెను. తన రచనల తప్పుడు ప్రతులు దొంగతనముగా తిరుగుచున్నందున ఈ పని చేయవలసి వచ్చెనని ముందుమాటలో తెలియజేసెను.

అయినను శాసనము కాగితము మీద నిలిచినంతగా బజారులో నిలువలేదు. 1730 ప్రాంతమున హాండెల్ పేరుతో రెండు పుస్తకములు లండనులో అమ్మకమునకు వచ్చెను. ఒకటి పన్నెండు సొలో సొనాటాలు, రెండవది ఆరు ట్రయో సొనాటాలు. వాటి మొదటి పుటలో అచ్చువేసినవారు ఆంస్టర్‌డాంలోని ఝాన్ రొజే అని యున్నది. ఈమె ఎస్తియెన్ రొజే కుమార్తె. తండ్రి వెనుక ఆ వ్యాపారమును పొందినది. అయితే ఆమె 1722లోనే చనిపోయెను! చనిపోయిన స్త్రీ ఎనిమిదేండ్ల తరువాత పుస్తకము అచ్చువేయుట ఎట్లు? పలకల మీది చెక్కడమును పరిశీలించిన పండితులు అది వాల్ష్ పనియేనని తేల్చిరి. పరదేశపు మృతురాలి పేరు వెనుక లండను వర్తకుడు దాగియుండెనన్నమాట.

రెండేండ్లలో వాల్ష్ అవే పలకలలో పెక్కింటిని ఉపయోగించి, తన పేరుతోనే మరల వెలువరించి, ఇది మునుపటి దానికంటె సరియైనదని ప్రకటించుకొనెను. మునుపటిదియు తనదే అని మాత్రము చెప్పలేదు. ఆ సవరణలో మొదటి ముద్రణయందలి రెండు ఫిడేలు సొనాటాలను తీసివేసి వాటి చోట వేరు రెండు పెట్టెను. విచిత్రమేమనగా, ఆ రెండు ముద్రణల పాత ప్రతులలో ఈ సొనాటాల ప్రక్కన, ఇది హాండెల్ గారిది కాదని ఆనాటి చేవ్రాత యున్నది. ఎవరు వ్రాసిరో గాని సత్యము ఎరిగినవారు వ్రాసినట్లున్నది. నేటి పండితులు ఆ నాలుగు సొనాటాలను ఆయన రచనలుగా ఎంచుట లేదు. అంతేకాక ఆయన ఒక వాద్యమునకు వ్రాసినదానిని మరియొక వాద్యమునకని, ఒక శ్రుతిలో వ్రాసినదానిని వేరొక శ్రుతికి మార్చియు ఆ పుస్తకమున అచ్చువేసిరి.

1734లో వెలువడిన మూడవ పుస్తకమునకును ఇట్టి గతియే పట్టెను. అందులోని ఆరు కన్సర్టోలను వాల్ష్ హాండెల్ పాత రచనల నుండి ఏరి కూర్చినట్లున్నది. మొదటి ముద్రణలోని నాలుగవ కన్సర్టో ఆయనది కాదు. తరువాతి ముద్రణలో దానిని తీసి మరియొకటి పెట్టవలసి వచ్చెను.

పన్నెండు పెద్ద కన్సర్టోలు

1736లో పెద్ద వాల్ష్ చనిపోగా కుమారుడు చిన్న జాన్ వాల్ష్ వ్యాపారమును చేపట్టెను. ఇతడు హాండెల్‌తో సఖ్యముగా నుండెను. 1737లో హాండెల్‌కు పక్షవాతము తగిలి కుడిచేయి చెడెను. జర్మనీలోని ఆకెన్ వేడినీటి బుగ్గలలో చికిత్స పొంది స్వస్థుడై తిరిగి వచ్చెను. 1738లో ఆర్గను కన్సర్టోలు నాలుగవ పుస్తకముగాను, 1739లో ట్రయో సొనాటాలు అయిదవదిగాను సక్రమముగా వెలువడెను.

అటుపిమ్మట ఆయన తన గురుతుల్యుడైన కొరెల్లి ఆరవ పుస్తకమును మనస్సునందుంచుకొని పన్నెండు కన్సర్టోలు వ్రాయ పూనుకొనెను. 1739 సెప్టెంబరు 29న మొదటిది ముగిసెను. అక్టోబరు 30న చివరిది ముగిసెను. నెల దినములలో పన్నెండు! చేయి పడిపోయి లేచిన యాబదినాలుగేండ్ల మనిషి చేసిన పని ఇది. నిజము చెప్పవలెనన్న అందులోని ఆలోచనలన్నియు ఆయనవి కావు. స్కార్లట్టి, మూఫాట్ అను వారి అచ్చు పుస్తకముల నుండి కొన్ని స్వరవాక్యములు తీసికొని తన రీతిగా మార్చి పెంచెను. ఆ కాలమున అది నేరముగా ఎంచబడలేదు గాని, తన సొత్తును ఇతరులు దోచిరని బాధపడినవాడు ఇతరుల సొత్తును వాడుకొనెననుటయు చరిత్రలో నున్నది. మహాత్ముల జీవితమును వ్రాయునప్పుడు దీనిని దాచకూడదు.

ఈ పుస్తకమునకు చందా పద్ధతి పెట్టిరి. మొత్తము వెల రెండు గినీలు. పేరు వ్రాయించుకొనునప్పుడు ఒక గినీ, పుస్తకము అందినప్పుడు మరియొక గినీ. అక్టోబరు 31న చిన్న వాల్ష్‌కు హాండెల్ రచనలు అచ్చువేయుటకు పదునాలుగేండ్ల రాజానుమతి లభించెను. ఆ చలికాలమున లండనులో మంచు విపరీతముగా కురిసి నాటకశాలలు కొన్ని వారములు మూతపడెను. అయినను 1740 ఏప్రిలు 21న పుస్తకములు సిద్ధమాయెను. నాలుగు ఫిడేళ్లకు నాలుగు, మధ్య స్వరపు ఫిడేలునకు ఒకటి, చెల్లోకు ఒకటి, హార్ప్సికార్డు మీద క్రింది స్వరము వాయించువానికి ఒకటి, వెరసి ఏడు పుస్తకములు. చందాదారులు నూరుగురు. వారిలో రాజకుటుంబీకులు, సంగీతజ్ఞులు, ఆర్గను వాద్యకులు, ఉద్యానవనములలో కచ్చేరీలు నడుపువారు ఉండిరి. కొందరు ఒకటికి మించిన ప్రతులు తీసికొనిరి. వారి పేర్లన్నియు పుస్తకములోనే అచ్చువేసిరి. సావనీరు వేయుటకు ఇంటింటికి వెళ్లి చందాలు వ్రాయించుకొను మన సంఘపెద్దలకు ఈ పద్ధతి వింతగా తోచదు.

1730లో మృతురాలి పేరు చాటున అమ్ముడైన పుస్తకమును, 1740లో కర్త పేరు, అచ్చువేసినవాని పేరు, కొనినవారి పేర్లు వెలుగులో నున్న పుస్తకమును ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. పది సంవత్సరములలో ఒక మనిషి పట్టుదల సాధించినది ఇదియే.

అనాథలకిచ్చిన వ్రాతప్రతి

1741 ఆగస్టు 22న ఆరంభించి సెప్టెంబరు 14 నాటికి హాండెల్ మెస్సీయ గానమును ముగించెను. 1742 ఏప్రిలు 13న డబ్లిన్ నగరమున మొదట వినిపించిరి. ఆ రాబడిని చెరసాలలలోని ఋణగ్రస్తులకును, రెండు వైద్యశాలలకును పంచగా 142 మంది ఋణస్థులు విడుదల పొందిరి. లండనులో థామస్ కోరం అను నావికుడు దిక్కులేని శిశువుల కొరకు స్థాపించిన ఆశ్రమమునకు 1750 నుండి ఏటేట మెస్సీయ పాడి సొమ్ము కూర్చిరి. ఆ ఆశ్రమ మందిరమునకు హాండెల్ ఒక ఆర్గనును దానమిచ్చెను.

ఒక దశలో ఆశ్రమ పాలకులు మెస్సీయను తాము తప్ప ఇతరులు పాడకుండ పార్లమెంటు చట్టము తేవలెనని తలంచిరి. హాండెల్ అందుకు సమ్మతింపలేదు; ఆ ప్రయత్నము ఆగిపోయెను. తన పేరు, తన హక్కు కొరకు అంతగా పాటుపడినవాడు పాట నోరు కట్టుటకు మాత్రము ఒప్పుకొనలేదు. అయితే 1757లో తన మరణశాసనమునకు ఒక మాట చేర్చి, మెస్సీయ యొక్క శుభ్రమైన వ్రాతప్రతిని, వాద్యకుల, గాయకుల భాగములన్నిటితో కూడ ఆ ఆశ్రమమునకు వ్రాసి ఇచ్చెను. మెస్సీయ సంపూర్ణ గ్రంథము ఆయన జీవించియుండగా అచ్చుపడలేదు, 1767లో పడెను.

1751లో యెఫ్తా గానమును వ్రాయుచుండగా ఎడమ కన్ను మసకబారి కలము నిలుపవలసి వచ్చెను. కొలది కాలములో చూపు పూర్తిగా పోయెను. గ్రుడ్డితనమునందును ఆర్గను వాయించుచునే యుండెను. 1759 ఏప్రిలు 14వ తేదీన, ఈస్టరుకు ముందటి శనివారమున, కన్ను మూసెను. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో సమాధి చేసినప్పుడు సుమారు మూడువేలమంది కూడిరి. బీద సంగీతజ్ఞుల నిధికి వెయ్యి పౌనులు విడిచెను. వ్రాతప్రతులను, చిరకాలము తనకు లేఖకుడుగా నున్న స్మిత్‌కు ఇచ్చెను. అవి స్మిత్ కుమారుని ద్వారా మూడవ జార్జి రాజునకు చేరి, నేడు బ్రిటిష్ గ్రంథాలయమున భద్రముగా నున్నవి.

ఆ వ్రాతప్రతులు మిగిలినందుననే పాత అచ్చు పుస్తకముల తప్పులు బయటపడెను. 1955 నుండి హాలె పేరుతోనే ఆయన సమగ్ర గ్రంథావళి కొత్తగా వెలువడుచున్నది. ఏవి ఆయనవో, ఏవి కావో అందులో వేరుపరచుచున్నారు. అయినను వాల్ష్ కలిపిన సొనాటాలను ఫిడేలు విద్యార్థులు హాండెల్ పేరుతోనే ఇంకను వాయించుచున్నారు. ఒకసారి అచ్చులో పడిన తప్పు మూడువందల ఏండ్లు బ్రతుకగలదు.

మన పని

మన పల్నాటివారికి పాట నోటనే నిలుచుట తెలిసినదే. పల్నాటి వీరుల కథను విద్యావంతులు తరతరములుగా పాడుచు వచ్చిరి. 1911లో అక్కిరాజు ఉమాకాంతముగారు దానిని అచ్చునకెక్కించిరి. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున కీర్తనకు రాగము, తాళము, కర్త పేరు అచ్చువేయుట మన పెద్దల మంచి అలవాటు. కాని స్వరము మాత్రము పుటలో లేదు; అది పెద్దల గొంతులలో నున్నది. అందుచేత ఒకే కీర్తన మాచర్లలో ఒక తీరున, నరసరావుపేటలో మరియొక తీరున వినబడవచ్చును. ఇక ఆ పుస్తకము తరువాత మన పల్లెలలో కట్టిన పాటలు చిన్న పుస్తకములలోను, క్యాసెట్లలోను, ఇప్పుడు ఫోనులలోను కర్త పేరు లేకుండ, కొన్నిచోట్ల మరియొకరి పేరుతో తిరుగుచున్నవి.

వాల్ష్ వంటివారు ప్రతి కాలమున నుందురు. అయితే హాండెల్ వ్రాతప్రతిని దాచిన స్మిత్ వంటివారును, ఇది ఆయనది కాదని పుట ప్రక్కన వ్రాసిన ఆ అజ్ఞాత పాఠకుని వంటివారును కావలసియున్నారు. కావున ప్రతి సంఘమున ఒక పుస్తకము తెరచి, మన ఊరిలో ఈ పాట కట్టినది ఎవరు, ఏ సంవత్సరమున, ఏ బాణీలో అని పెద్దలు బ్రతికియుండగానే అడిగి వ్రాసి, వారిచేత పాడించి భద్రపరచవలెనని సంఘపెద్దలను, యవ్వనస్థులను కోరుచున్నాము. ఈ శతవార్షిక సంవత్సరమున ఆ పుస్తకపు మొదటి పుట వ్రాయబడినయెడల, మన తరువాతి నూరేండ్లవారు ఏ పాట ఎవరిదని వెదకుకొనవలసిన పని యుండదు.